చిట్టాలోని రహస్యము

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున, ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొనుటకై 1960ల ఆరంభమున నిర్మింపబడిన వ్యవస్థలో, ఒకరి ఫైళ్లను మరియొకరు చూడకుండునట్లు ఫెర్నాండో కోర్బటో బృందమువారు ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డు నేర్పరచిరి. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి తనకు కేటాయించిన గంటలు చాలకపోయెను. అతడు ఎవరి రహస్యమును ఊహింప యత్నింపలేదు. పాస్‌వర్డులన్నియు వ్రాసియుంచిన ఫైలును అచ్చువేయుమని ఒక పంచికార్డు ద్వారా యంత్రమునే కోరగా, అది వినయముతో అచ్చువేసి యిచ్చెను. ఆ దశకములోనే మరియొకమారు, ఏదో లోపమువలన, ఏనాటికానాడు చూపు ప్రకటనకు మారుగా పాస్‌వర్డుల పట్టికయే లోనికి ప్రవేశించిన ప్రతివాని యెదుట ప్రత్యక్షమయ్యెను.

పాస్‌వర్డు దొంగ యనగానే మన ఖాతా ముందు కూర్చుండి ఒక్కొక్క పదమే ప్రయోగించి చూచువాడు మనకు తోచును గాని, అట్టివానికి ఐదారు తప్పులకే తలుపు మూతపడును. భయపడవలసినది పాస్‌వర్డుల చిట్టాను మొత్తముగా హరించి, తన చోట కూర్చుండి, అడ్డు చెప్పువారు లేక తీరికగా ఊహించువానికే.

ఈ కారణముననే యూనిక్స్ అను కంప్యూటరు నిర్వహణ వ్యవస్థ నిర్మాతలు పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచుట మాని, గణితక్రియచే దానిని గుర్తింపరాని యక్షరసముదాయముగా మార్చి, ఆ ఫలితమును మాత్రమే భద్రపరచిరి. దీనినే హ్యాష్ అందురు. దంచిన పసుపునుండి కొమ్మును మరల పొందలేనట్లే హ్యాష్‌నుండి పాస్‌వర్డును పొందలేము; అయితే ఊహించిన పదమును అదే రీతిని మార్చి, రెండు ఫలితములును సరిపోయినవో లేవో చూడవచ్చును. ఒకే పాస్‌వర్డు ఇద్దరికున్నను హ్యాష్‌లు వేరగునట్లు ప్రతిదానికి కొంత యాదృచ్ఛిక భాగమును చేర్చుదురు; దానికి సాల్టు అని పేరు. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు 1979లో ఈ విషయమును వివరించుచు తాము సేకరించిన 3,289 పాస్‌వర్డులను పరిశీలింపగా, నూటికి 86 అతిహ్రస్వములో, నిఘంటువున దొరకు పదములో అయి తేలినవి. పదిహేనుగురి రహస్యము ఒకే యొక అక్షరము!

ముప్పది యేండ్లు గడచినను మానవ స్వభావమున మార్పు కనబడలేదు. 2009లో రాక్‌యూ అను సంస్థనుండి సుమారు 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటపడినవి. వానిని ఆ సంస్థ హ్యాష్ చేయకయే దాచినది. వానిలో 123456 అనునది సుమారు 2,90,000 మందిది. నేటి దొంగల ఊహలకు మూలధనము ఇట్టి పట్టికలే. ఇష్టదైవము పేరు, అభిమాన నటుని పేరు, బిడ్డ పేరు, వాని చివర పుట్టిన సంవత్సరము — మనవారు ఇంగ్లీషు లిపిలో వ్రాసికొను ఈ కూర్పులను కనిపెట్టుటకు దొంగకు తెలుగు రానక్కరలేదు. ఒకచోట బయటపడిన మెయిలు, పాస్‌వర్డుల జంటను వేయిచోట్ల ప్రయోగించి చూచుట యంత్రములకు తృణప్రాయము గనుక, ఒకే పాస్‌వర్డును అన్నిటికి వాడుట మన సమస్త దోషములలో గరిష్ఠమైనదని నా యభిప్రాయము.

పెద్దక్షరము, అంకె, విశేషచిహ్నము తప్పక యుండవలెనని 2000ల ఆరంభమున అమెరికా ప్రమాణసంస్థ వెలువరించిన సూత్రములు లోకమంతట వ్యాపించినవి. వానిని రచించిన బిల్ బర్ 2017లో తన సలహాలలో పెక్కింటికి పశ్చాత్తాపము ప్రకటించెను. ఆ యేడే సంస్థయు ఆ నిర్బంధమును, నియతకాలమున మార్చుకొనవలెనను నియమమును విడనాడినది. మూడు నెలలకొకమారు మార్చుమని నేటికిని ఆజ్ఞాపించు కార్యాలయములలో ఉద్యోగులు చేయునదేమి? చివరి 1ని 2 చేయుదురు! పొడవే ప్రధానము. ఎనిమిది చిన్నక్షరముల కూర్పులు సుమారు 20,900 కోట్లు. సెకనుకు వందలకోట్ల ఊహలు చేయగల యంత్రమునకు, హ్యాష్ సులువైనదైనచో, ఇది నిమిషముల పని. యాదృచ్ఛికముగా ఎన్నిన పండ్రెండు చిన్నక్షరములు, చిహ్నములన్నియు కలిసిన ఎనిమిదక్షరములకంటె సుమారు పదునాలుగురెట్లు ఎక్కువ కూర్పుల నిచ్చును.

అట్టివి జ్ఞాపకముండవు గదా యందురేమో. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ చూపిన యుపాయమున, పాచికను ఐదుమార్లు వేసి, 7,776 పదముల పట్టికనుండి ఒక పదము నెన్నుకొందురు. ఇట్లు ఆరు పదములు కూర్చినచో కంఠస్థమునకు సులభము, దొంగకు దుర్లభము. పాచికకు బదులు మన మనస్సే పదములను ఏరినచో ప్రయోజనము నశించును. తక్కినవాని నన్నిటిని పాస్‌వర్డు మేనేజరు అను సాఫ్ట్‌వేరునకు అప్పగింపవచ్చును. అది రుచింపనివారు పుస్తకమున వ్రాసి బీరువాలో పెట్టుకొన్నను నేను తప్పు పట్టను, ఏలయన సముద్రముల కావలి దొంగకు ఆ బీరువా అందదు.

మెయిలు పాస్‌వర్డు మాత్రము అన్నిటికంటె దృఢమై యుండవలెను. తక్కిన ఖాతాల పాస్‌వర్డు మరచినచో క్రొత్తదానికి దారి అక్కడికే వచ్చును. ఓటీపీ వచ్చు ఫోను నంబరు విషయమునను ఇంతే జాగ్రత్త వలయును. రీచార్జి లేక మూతపడిన నంబరును కంపెనీ కొంతకాలమునకు వేరొకరికి కేటాయించును. కావున పాత సిమ్మును పారవేయుటకు ముందే బ్యాంకునందును, మెయిలునందును, ఆధారునందును క్రొత్త నంబరును నమోదు చేయించుకొనవలెను.