గింజ నిద్ర

పెసలను నానవేసి తడిగుడ్డలో మూటగట్టిన మరునాటికి తెల్లని మొలకలు తొంగిచూచును. వానిని జూచి మనము సంతసింతుము. ఆ మొలకయే కల్లములోని వడ్లకుప్పపై గానవచ్చెనా, రైతు ఇల్లాలు కంట తడిపెట్టును. యాసంగి పంట ఇంటికి వచ్చు వేసవిలో అకాలవర్షము కురిసినప్పుడు, సికింద్రాబాదులో మిద్దెలమీద చల్లగాలి వీచినదని మనము మురియుచుందుము. ఊరు దాటి కొలదిక్రోసులు పోయినచో, తడిసిన కుప్పలు కొన్నిదినములలోనే మొలకలెత్తుచుండును. నాలుగైదు నెలల కష్టము అంతటితో సరి.

అయితే ఒక సందేహము. పాలుపోసుకొను దశలో గింజనిండ నీరేగదా, అప్పుడేల మొలవదు? గింజ యప్పుడు నిద్రించుచుండును. జోకొట్టునది అబ్సిసిక్ ఆమ్లమను హార్మోను. దీనిని 1963లో అమెరికాలో అడికాట్ అను శాస్త్రజ్ఞుని బృందము ప్రత్తికాయలనుండి వేరుచేసినది. తట్టిలేపునది జిబ్బరెల్లిను. దీని జాడ అంతకుముందే, 1926లో, జపానుకు చెందిన కురొసావా అను నాతనికి వరిపైరు తెగులొకటి పరిశీలించుచుండగా దొరికినది. ఆ తెగులు సోకిన నారు సన్నగా, మితిమీరి పొడవుగా పెరిగి పడిపోవును.

ఈ హార్మోనులు గింజలో పోసియుంచిన సరకులు గావు. ఎంజైములు వానిని చేయుచునే యుండును, విఱుచుచునే యుండును. పసుపువన్నెనిచ్చు కెరోటినాయిడులను ఒక ఎంజైము కత్తిరించును. ఆ తునక మరికొన్ని ఎంజైముల చేతులుమారి అబ్సిసిక్ ఆమ్లమగును. ఆ కత్తెర యేదో 1997లో మొక్కజొన్నయందు తేలినది. అది చెడిన మొక్కలలో గింజలు కంకిమీదనే, తల్లియొడిలోనే, మొలకెత్తును! ఈ ఆమ్లమును విఱుచు ఎంజైము గుట్టు 2004లో బయటపడినది. గింజ నీరు పీల్చగానే ఇది విజృంభించును, నిద్ర చెదరును. పిదప వేరొక ఎంజైము జిబ్బరెల్లినును సిద్ధముచేయును. అది గింజ పైపొరకు వార్త నంపగా, ఆ పొరనుండి అమైలేసు అను ఎంజైము వెలువడి పిండిని చక్కెరగా మార్చును. మొలకకట్టిన రాగుల పిండితో కాచిన జావ పలుచగను తియ్యగను నుండుట కిదియే కారణము. పసిబిడ్డల తల్లులకు మేలుచేసిన ఈ పనియే వడ్లకుప్పలో జరిగినప్పుడు బియ్యము గుల్లయగును.

వేరుసెనగ కథయు నిట్టిదే. తీగరకముల గింజలు త్రవ్విన పిమ్మట నెలల తరబడి నిద్రించును. త్వరగా కాపుకు వచ్చు గుత్తిరకములకు ఆ నిద్ర లేదు. త్రవ్వువేళ వాన పడినచో కాయలు భూమిలోనే మొలచును. 1972లో మనకు చేరువనే పటాన్‌చెరువులో నెలకొన్న ఇక్రిశాటు పరిశోధనచేయు పంటలలో వేరుసెనగ యొకటి. గుత్తిరకములకు రెండుమూడు వారముల నిద్ర నలవరచుటయే ఇట్టి రకములను రూపొందించువారి కోరిక. అంతకు మించినను చిక్కే. కోసిన విత్తనమునే మరుపంటకు చల్లదలచినవానికి మొద్దునిద్ర గింజ యేమి మేలుచేయును? బిడ్డల నిద్ర విషయమున మనము పడు తిప్పలే గదా యివి!

వాన వచ్చిపడిన పిమ్మట రకము మార్చుట కుదరదు. అప్పటికి వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పు ఉపాయము మన వంటింటిలోనే యున్నది. లీటరు నీటికి ఏబదిగ్రాముల ఉప్పు చొప్పున కరగించి, తడిసిన పనలపైనను కంకులపైనను చల్లవలెను. ఉప్పునీటినుండి గింజ తేలికగా నీరు పీల్చుకొనలేదు. కావున మొలక కొంత వెనుకబడును. ఇది ఎండ కాయువరకు గడువు తెచ్చుకొనుటయే. ఎండ రాగానే ధాన్యమును పలుచగా పరచి, మాటిమాటికి కాళ్లతో తిరుగదోయుచు ఆరబెట్టవలెను. ఆ పనికి ఎక్కువగా పూనుకొనువారు ఇంటి ఆడువారే.