కళ్ళు పచ్చబడితే...

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో కృష్ణా కాలువల నీరే పొలాలకూ, అనేక ఊళ్ళ మంచినీటి చెరువులకూ ఆధారం. ఆ నీటిలో మురుగు కలిస్తే కామెర్లు వ్యాపించవచ్చు. అసలు కామెర్లంటే ఏమిటి?

పొట్టలో కుడివైపున, పక్కటెముకల చాటున కాలేయం ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు సుమారు ఒకటిన్నర కిలో. అది రోజూ అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసాన్ని తయారుచేస్తుంది. దాని అడుగున ఉన్న పిత్తాశయం ఆ రసాన్ని చిక్కబరచి నిలవచేస్తుంది. మనం నెయ్యి, నూనె తిన్నప్పుడు చిన్నప్రేగులోకి వదులుతుంది. సబ్బు జిడ్డును విడదీసినట్లే పైత్యరసం కొవ్వును సన్నని బిందువులుగా విడదీస్తుంది.

ఎర్ర రక్తకణం ఆయుర్దాయం దాదాపు 120 రోజులు. అది శిథిలమైనప్పుడు బిలిరుబిన్ అనే పసుపుపచ్చని పదార్థం పుడుతుంది. దాన్ని పైత్యరసంతో బయటికి పంపడం కాలేయం పని. ఆ పని కుంటుపడితే బిలిరుబిన్ రక్తంలో పేరుకుంటుంది. కళ్ళు, మూత్రం పచ్చబడతాయి.

కనుక కామెర్లు రోగం కాదు, రోగలక్షణం. హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు కలుషితమైన నీటి ద్వారా వస్తాయి. బి వైరస్ రక్తం ద్వారా, శుభ్రపరచని సూదుల ద్వారా, ప్రసవ సమయంలో తల్లి నుంచి బిడ్డకూ సోకుతుంది. ఏళ్ళ తరబడి మద్యం తాగితే కాలేయం గట్టిపడిపోతుంది. పిత్తాశయంలోని రాయి జారి నాళానికి అడ్డుపడినా కామెర్లే!

మన పల్లెల్లో కామెర్లనగానే పసరు మందు తాగిస్తారు. హెపటైటిస్ ఎ చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. ఖ్యాతి మాత్రం పసరుకు దక్కుతుంది. రాయి అడ్డుపడినవారికి ఆ కాలయాపన ప్రాణాంతకం కావచ్చు. అందుకే ముందు డాక్టరుకు చూపించి, రక్తపరీక్ష చేయించాలి.

బి వైరస్‌కు టీకా ఉంది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దాన్ని మన దేశంలోనే తయారుచేసి చౌకగా అందించింది. ఎ, ఇ వైరస్‌లు సోకకుండా నీటిని కాచి చల్లార్చి తాగండి. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.