వార్తల్లో పదం: జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం

మానసిక చికిత్సను పెద్దాసుపత్రులకే పరిమితం చేయకుండా పల్లెలకు చేర్చాలని 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఇది జిల్లాస్థాయి రూపం. బళ్లారిలో చేసిన ప్రయోగం ఆధారంగా 1996లో కొన్ని జిల్లాల్లో ప్రారంభించినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్‌ను ఎంపిక చేశారు. నేడు దీని నిధులు జాతీయ ఆరోగ్య మిషన్ ద్వారా అందుతుండగా, ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో వాటిలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. స్వచ్ఛంద సంస్థలకు వేరే దారి ఉంది: వ్యాధి అదుపులోకి వచ్చినవారు ఇంటికి చేరేముందు కొంతకాలం ఉండి, పనులు నేర్చుకునే హాఫ్‌వే హోమ్‌లకు దీన్‌దయాళ్ దివ్యాంగుల పునరావాస పథకం కింద కేంద్రం గ్రాంటు ఇస్తుంది.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో జిల్లా కార్యక్రమ నిధుల విలువ దూరాన్ని బట్టి తెలుస్తుంది. ఉదయగిరి నుంచి నెల్లూరుకు సుమారు 100 కిలోమీటర్లు. మానసిక జబ్బుకు లిథియం మాత్రలు వాడేవారికి రక్తంలో ఆ మందు ఎంతుందో అప్పుడప్పుడు పరీక్షించక తప్పదు కనుక, అంతదూరం వెళ్లినప్పుడల్లా తోడు వచ్చిన మనిషి కూలి కూడా పోతుంది. అది భరించలేక మందు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. అందుచేత కొత్త భవనాలకన్నా ముందు, స్థానిక ఆసుపత్రికి నెలనెలా వచ్చే వైద్య బృందానికి, ఇళ్లకు వెళ్లి పలకరించే కార్యకర్తల జీతాలకు డబ్బు కేటాయించాలి. ఈలోగా, 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.