డబ్బు నేర్పిన చూపు: పత్తి యార్డు నుంచి ఫోను స్క్రీను దాకా

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్పల మధ్య కొత్తవాళ్లు నడిస్తే అన్నీ తెల్లగానే కనపడతాయి. కొనేవాళ్ల కన్ను మాత్రం వానకు తడిసి రంగు తిరిగిన దూది దగ్గరే ఆగుతుంది. పింజ లాగి చూడటం, తేమ కొలవటం తర్వాతి పని. మద్దతు ధరకు కొనే సీసీఐ 8 శాతం తేమ వరకే పూర్తి రేటు ఇస్తుంది, ఆపైన కోత, 12 శాతం దాటితే సరుకే తీసుకోదు. ఆ మరక జేబుకు ఎన్నిసార్లు చిల్లు పెట్టిందో కన్నుకు గుర్తు. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గరా ఇదే తీరు. పడుగులో ఒక్క పోగు తెగితే పక్కన నిలబడ్డవాళ్లకు తెలియదు, నేసేవాళ్ల చూపు మాత్రం నేరుగా అక్కడికే పోతుంది.

దీన్ని అనుభవం అంటారు. నిజమే, కానీ అంతటితో సరిపోదు. కంట్లో పడ్డ దృశ్యం తల వెనుక భాగంలో ఉండే దృశ్య కేంద్రానికి చేరుతుంది. ఆ మొదటి మజిలీ కెమెరా లాంటిదని, లాభనష్టాల బేరీజు మెదడులో మరోచోట జరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. 2006లో షూలర్, బేర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల కంటికి మెరుపు చూపించి, కాసేపాగి నీళ్లు ఇచ్చారు. కొంత శిక్షణ తర్వాత చూస్తే, ఆ మొదటి మజిలీలోని కణాలే నీళ్లు ఎప్పుడొస్తాయో లెక్కగట్టినట్టు స్పందిస్తున్నాయి.

మనుషుల మీద జరిగిన పరీక్ష ఇంకా ఆసక్తికరం. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఆండర్సన్, లారెంట్, యాంటిస్ 2011లో ప్రచురించారు. ఎరుపు, ఆకుపచ్చ వలయాలను వెతికి పట్టుకుంటే డబ్బులు. ఒక రంగుకు ఎక్కువగా 5 సెంట్లు, ఇంకోదానికి 1 సెంటు. తర్వాత ఆట మార్చారు. ఇప్పుడు రంగుతో పని లేదు, ఆకారం చూస్తే చాలు, డబ్బులూ లేవు. అయినా 5 సెంట్ల రంగు ఎక్కడో మూల కనపడితే చాలు, జనం జవాబు చెప్పటం ఆలస్యమైంది. వద్దనుకున్నా చూపు అటే లాగింది. అదే బృందం తర్వాత చేసిన పరీక్షలో ఆరు నెలలు దాటినా ఆ లాగుడు పోలేదు.

మరి నష్టం సంగతి? 2009లో రేమండ్, ఓబ్రియన్ కొన్ని ముఖాలను లాభంతో, కొన్నింటిని నష్టంతో ముడిపెట్టారు. తీరిగ్గా చూసినప్పుడు రెండు రకాల ముఖాలనూ జనం బాగానే గుర్తుపట్టారు. ధ్యాస వేరే పనిలో ఉన్నప్పుడు మాత్రం లాభం తెచ్చిన ముఖాలే నిలిచాయి, నష్టం తెచ్చినవి జారిపోయాయి.

బెట్టింగ్ యాప్ పట్టిన ఇళ్లలో కనపడేది సరిగ్గా ఇదే. గెలిచినప్పుడు మెరిసే రంగు, మోగే చప్పుడు మెదడులో అచ్చు పడతాయి. అనుకోకుండా వచ్చిన గెలుపుకు డోపమైన్ కణాలు ఎక్కువగా స్పందిస్తాయి, దాంతో ఆ అచ్చు ఇంకా గట్టిపడుతుంది. పోయిన డబ్బు లెక్క కూర్చుని తీరిగ్గా చూస్తే గుర్తొస్తుంది, కానీ ఫోను చేతిలో ఉన్నప్పుడు ఆ తీరిక ఎక్కడిది? ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను 2020లోనే నిషేధించారు. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా చట్టం తెచ్చింది. చట్టం యాప్‌ను ఆపుతుంది, కన్ను నేర్చుకున్నదాన్ని చెరపలేదు.

అందుకే మానేసిన పిల్లాడు నెలల తర్వాత ఆ రంగు ప్రకటన చూసి ఆగిపోతే, అబ్బాజాన్ "నీకు బుద్ధి రాలేదు" అని విరుచుకుపడి లాభం లేదు. కంటికి ఆ గుర్తు తగలకుండా చూడటం ముందు పని: యాప్ తీసేయాలి, నోటిఫికేషన్లు ఆపేయాలి, అలాంటి గ్రూపుల నుంచి బయటికి రావాలి. అప్పటికీ వశం కాకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. ఖర్చు లేదు, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.