నెల్లూరు తీరంలో సీగల్ పక్షుల గుర్తింపు, ఛాయాగ్రహణం

సీగల్ లేదా గల్ అనునది లారిడే కుటుంబానికి చెందిన నీటిపక్షి. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా సముద్రతీరానికి, దానికి దక్షిణాన ఉన్న పులికాట్ సరస్సుకు గల్ పక్షులు శీతాకాలంలో వలస వస్తాయి. జిల్లా పశ్చిమ భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల ప్రజలకు సముద్రం సెలవు దినాలలో చూడదగిన యాత్రాస్థలం. అట్లు వెళ్ళినపుడు గల్ పక్షులను గుర్తించు విధానము, గుర్తింపునకు పనికివచ్చే ఛాయాచిత్రాలు తీయు పద్ధతి ఈ వ్యాసంలో వివరించబడినవి.

చూడదగిన కాలము

గల్ పక్షులు సుమారు అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చి మార్చి, ఏప్రిల్ నెలలలో తిరిగి వెళ్ళిపోతాయి. వేసవిలో ఇవి మధ్య ఆసియా, సైబీరియా, టిబెట్, లడఖ్ ప్రాంతాలలో గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతాయి. కావున బడులకు వేసవి సెలవులు ఇచ్చిన తరువాత, మే నెలలో, సముద్రానికి వెళ్ళువారికి ఇవి దాదాపు కనిపించవు. అప్పుడు తీరంలో కనిపించే తెల్లని పక్షులు ఎక్కువగా టెర్న్ పక్షులో, కొంగలో అయి ఉంటాయి. గల్ పక్షులకై వెళ్ళదలచినవారికి కార్తీక పౌర్ణమి సముద్రస్నానాల కాలం మొదలు సంక్రాంతి సెలవుల వరకు అనుకూలము. అయితే నవంబరు, డిసెంబరు నెలలు ఈ తీరానికి తుఫానుల కాలము గనుక వాతావరణ హెచ్చరికలు చూసుకొని బయలుదేరవలెను.

చూడదగిన ప్రదేశములు

ఆత్మకూరు నుండి సంగం, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా నెల్లూరు చేరి, అక్కడ నుండి సుమారు 25 కి.మీ. దూరంలోని మైపాడు తీరానికి వెళ్ళవచ్చును. ఉదయగిరి వారు వింజమూరు, కావలి మీదుగా తుమ్మలపెంట తీరానికి చేరవచ్చును. మత్స్యకారులు పడవలు ఒడ్డుకు చేర్చి వలల నుండి చేపలు విడదీయు చోట గల్ పక్షులు గుమికూడుతాయి. పులికాట్ సరస్సులో సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు రహదారికి ఇరువైపులా నీటిపక్షులను దగ్గరగా చూడవచ్చును. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలో చేరినది.

గల్, టెర్న్ పక్షుల భేదము

ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి; తొలిసారి చూచువారు ఒకదానిని మరొకటిగా భావించుట సహజము. గల్ పక్షి శరీరం బలిష్ఠంగా, రెక్కలు వెడల్పుగా, తోక విసనకర్ర వలె గుండ్రంగా ఉంటుంది. ముక్కు లావుగా ఉండి చివర కొద్దిగా క్రిందికి వంగుతుంది. నీటిపై తేలుతూ విశ్రమిస్తుంది. టెర్న్ పక్షి సన్నగా ఉంటుంది. ముక్కు సూటిగా, మొనదేలి ఉంటుంది. పలు జాతులలో తోక చీలి ఉంటుంది. ముక్కు క్రిందికి వంచి నీటిని పరికిస్తూ ఎగిరి, చేపను చూడగానే నీటిపైకి దూకుతుంది. నదులు, పెద్ద జలాశయాలు నివాసంగా గల నదీ టెర్న్ ఇక్కడ స్థిరనివాసి. ఆత్మకూరుకు సమీపంలోని సోమశిల జలాశయం వద్ద పసుపు ముక్కు, లోతుగా చీలిన తోక గల పక్షి కనిపించినచో అది నదీ టెర్న్ అని, గల్ కాదని గ్రహించవలెను.

ముఖ్యమైన జాతులు

* గోధుమతల గల్: పొడవు సుమారు 42 సెం.మీ. ముక్కు, కాళ్ళు ఎరుపు. పెద్ద పక్షికి కనుపాప లేత రంగులో ఉంటుంది. రెక్కల కొనలు వెడల్పుగా నల్లగా ఉండి, వాటిలో తెల్లని మచ్చలు కనిపిస్తాయి. లడఖ్ సరస్సుల వద్ద కూడా గూళ్ళు కడుతుంది.
* నల్లతల గల్: కొంచెం చిన్నది. ముక్కు సన్నము, కన్ను నలుపు. ఎగిరేటపుడు రెక్క ముందు అంచున పొడవైన తెల్లని చీలిక కనిపిస్తుంది.
* పల్లాస్ గల్: పొడవు 60 సెం.మీ. పైబడి ఉండే అతిపెద్ద గల్ జాతులలో ఒకటి. పసుపు ముక్కుపై నల్లని పట్టీ, కొనవద్ద ఎరుపు, కాళ్ళు పసుపు.
* హ్యూగ్లిన్ గల్: పెద్ద పక్షి. వీపు ముదురు బూడిదరంగు, కాళ్ళు పసుపు. పసుపు ముక్కుపై క్రిందివైపు ఎర్రని చుక్క ఉంటుంది.

మొదటి రెండింటి విషయంలో పేరును బట్టి గుర్తించుట సాధ్యము కాదు. శీతాకాలంలో రెండింటికీ తల తెల్లగా మారి, చెవి వద్ద ఒక నల్లని మచ్చ మాత్రమే మిగులుతుంది. మార్చి నాటికి తల రంగు తిరిగి వచ్చినపుడు కూడా నల్లతల గల్ తల నిజానికి ముదురు చాక్లెట్ రంగులో ఉంటుంది. కావున కన్ను, రెక్క కొన చూచి నిర్ణయించవలెను. పిన్న వయసు గోధుమతల గల్‌కు కన్ను నల్లగానే ఉంటుంది గనుక దానికి రెక్క ఒక్కటే నమ్మదగిన ఆధారము.

వయసు భేదములు

చిన్న జాతులు సుమారు రెండు సంవత్సరాలలోను, పెద్ద జాతులు నాలుగు సంవత్సరాలలోను పెద్ద పక్షి రంగులు పొందుతాయి. తోక చివర నల్లని పట్టీ, రెక్కలపై గోధుమరంగు ఈకలు ఉన్నచో అది పిల్లపక్షి. వేరొక జాతి కాదు.

ఛాయాచిత్రాలు తీయు పద్ధతి

మన తీరం తూర్పు ముఖంగా ఉన్నది. ఉదయం సూర్యుడు సముద్రం వైపు ఉండుటచే పక్షి నల్లని నీడగా పడుతుంది. సాయంత్రం ఎండ వెనుక నుండి పడినపుడు రంగులు స్పష్టంగా వస్తాయి. శ్రీహరికోట రహదారిపై శీతాకాలపు సూర్యుడు దక్షిణాన ఉండును గనుక ఉత్తరం వైపు నీటిని చూచుట మేలు.

కెమెరాకు 300 మి.మీ. లేదా అంతకు మించిన కటకం, ఎగిరే పక్షికి సెకనులో 1000వ వంతు షట్టర్ వేగం అవసరము. ముదురు నీటి ముందు తెల్లని ఈకలు వెలిసిపోకుండా వెలుగు తగ్గించవలెను. ప్రకాశవంతమైన ఆకాశం ముందు వెలుగు పెంచవలెను. పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి. కావున గాలి మన వీపుకు తగులునట్లు నిలబడితే అవి మనవైపే వస్తాయి. సెల్‌ఫోను మాత్రమే ఉన్నవారు ఇసుకపై కూర్చున్న గుంపును కొంత దూరం నుండే తీయవచ్చును.

ఒక్కొక్క పక్షికి కనీసం రెండు చిత్రాలు కావలెను: ముక్కు, కన్ను, కాళ్ళు తెలియునట్లు నిలబడినది ఒకటి, రెక్కలు విప్పినది ఒకటి. నీలాకాశంలో అందంగా వచ్చిన చిత్రమైనను రెక్క కొన కనిపించనిచో జాతి తేల్చుట కష్టము.

పాటించవలసిన జాగ్రత్తలు

చిత్రం కొరకు గుంపును పరుగెత్తి లేపరాదు. ఇవి వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చినవి. తిరుగు ప్రయాణానికి శరీరంలో కొవ్వు కూడబెట్టుకొనవలెను. అనవసరంగా ఎగిరిన ప్రతిసారి ఆ శక్తి వ్యర్థమగును. బొరుగులు, కారపు తినుబండారాలు విసరరాదు. కెమెరాలో చూస్తూ అలల వైపు నడవరాదు.

చిత్రాల ఉపయోగము

చిత్రంతో పాటు తేదీ, సమయం, ప్రదేశం, పక్షుల సంఖ్య వ్రాసి ఉంచవలెను. కాలికి రంగు ఉంగరం ఉన్నచో దాని అక్షరాలు చదువగలిగేటట్లు చిత్రం తీసి, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేసినచో ఆ పక్షి ఎక్కడ నుండి వచ్చినదో తెలియు అవకాశము కలదు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి ఏటా జనవరిలో జరుగుతున్నది. సంక్రాంతి సెలవులలో తీరానికి వెళ్ళిన విద్యార్థి తీసిన చిత్రం కూడా, వివరాలు సరిగా ఉన్నచో, ఇట్టి లెక్కలకు తోడ్పడగలదు.