గడువు తీరిన నిల్వ: సర్వర్ క్లస్టర్లలో మౌంట్ టైమ్‌అవుట్ - కారణాలు, పరిష్కారక్రమం

వ్యాససంగ్రహం:
పరిశోధనకు ఆధారమైన సిద్ధాంతవ్యాసాలు, పత్రికాసంచికలు, తాళపత్రప్రతుల ఛాయాచిత్రాలు నేడు సర్వర్లలో భద్రమవుతున్నాయి. సేవ ఆగకుండా ఉండేందుకు ఒకటికి మించిన సర్వర్లను క్లస్టర్‌గా కూర్చడం వాడుకలో ఉంది. ఒక సర్వర్ విఫలమైనప్పుడు ఉమ్మడి నిల్వ మరొక సర్వర్‌కు సకాలంలో అనుసంధానం కాకపోతే ఈ ఏర్పాటంతా నిష్ఫలమవుతుంది. లినక్స్‌లోని పేస్‌మేకర్ క్లస్టర్‌ను ఉదాహరణగా తీసుకుని, ఈ సమస్యకు కారణాలను, పరిశీలించవలసిన క్రమాన్ని, దత్తాంశ భద్రత దృష్ట్యా పాటించవలసిన నియమాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: క్లస్టర్, మౌంట్, గడువు, ఫెన్సింగ్, ఫైల్‌సిస్టమ్, డిజిటల్ భాండాగారం.

1. ఉపోద్ఘాతం:
యూజీసీ 2009 నిబంధనలతో సిద్ధాంతవ్యాసాల ఎలక్ట్రానిక్ ప్రతుల సమర్పణ మన విశ్వవిద్యాలయాలలో స్థిరపడింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే శోధ్‌గంగ అందుకు వేదిక. అది డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్ ఆధారంగా రూపొందింది. అనేక విశ్వవిద్యాలయాల సొంత భాండాగారాలు కూడా ఇదే సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాయి. డీస్పేస్‌లో గ్రంథవివరాలు డేటాబేస్‌లోనూ, అసలు ఫైళ్లు అసెట్‌స్టోర్ అనే డైరెక్టరీలోనూ ఉంటాయి. ఆ డైరెక్టరీ వేరే నిల్వ మీద ఉండి, ఆ నిల్వ మౌంట్ కాకపోతే, పాఠకునికి సిద్ధాంతవ్యాసం పేరు, పరిశోధకుని పేరు కనిపిస్తాయి. వ్యాసం మాత్రం తెరుచుకోదు. ఈ వ్యాసంలోని వివరణ ఏ ఒక్క సంస్థ అనుభవాన్నో ఉద్దేశించినది కాదు. ఇటువంటి నిర్మాణాలన్నిటికీ వర్తించే సూత్రాలే ఇందులోని విషయం.

2. క్లస్టర్‌లో మౌంట్ స్థానం:
నిల్వ పరికరంలోని ఫైల్‌సిస్టమ్‌ను సర్వర్ డైరెక్టరీ వృక్షంలో ఒక చోట తగిలించడమే మౌంట్. క్లస్టర్‌లో ఈ పనిని మనిషి చేయడు. కోరోసింక్ సర్వర్ల మధ్య సంభాషణను నడుపుతుంది. ఏ సేవ ఎక్కడ ఉండాలో పేస్‌మేకర్ నిర్ణయిస్తుంది. ఫైల్‌సిస్టమ్ అనే రిసోర్స్ ఏజెంట్ మౌంట్‌ను అమలుపరుస్తుంది. ఏజెంట్‌కు ప్రధానంగా మూడు పనులు ఉంటాయి: స్టార్ట్, మానిటర్, స్టాప్. ప్రతి పనికీ ఒక గడువు ఉంటుంది. విడిగా పేర్కొనకపోతే పేస్‌మేకర్ 20 సెకన్ల గడువునే పాటిస్తుంది. ఫైల్‌సిస్టమ్ ఏజెంట్ స్టార్ట్, స్టాప్‌లకు 60 సెకన్లు, మానిటర్‌కు 40 సెకన్లు సూచిస్తుంది. ఈ సూచనలను అమరికలో రాయకుండా వదిలేయడం టైమ్‌అవుట్‌కు తరచుగా కనిపించే కారణాలలో ఒకటి.

ఏ పని గడువు తప్పిందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. స్టార్ట్ విఫలమైతే సహజస్థితిలో ఆ సర్వర్‌ను పక్కనపెట్టి మరొక సర్వర్‌లో ప్రయత్నిస్తుంది. స్టాప్ విఫలమైతే పరిస్థితి తీవ్రమవుతుంది. పాత సర్వర్ నిల్వను విడిచిపెట్టిందన్న నమ్మకం కుదరదు కనుక, క్లస్టర్ ఆ సర్వర్‌నే బలవంతంగా ఆపివేస్తుంది. దీనినే ఫెన్సింగ్ అంటారు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్‌సిస్టమ్‌లు ఒకే సర్వర్ తమను వాడుతుందన్న భావనతో నిర్మితమయ్యాయి. రెండు సర్వర్లు ఒకేసారి మౌంట్ చేస్తే, ఒకదాని రాతలు రెండవదానికి తెలియక ఫైల్‌సిస్టమ్ ఛిద్రమవుతుంది. జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 వంటివి పంపిణీ తాళాల సాయంతో ఉమ్మడి వాడకానికే రూపొందాయి. వాటి సంగతి వేరు.

3. గడువుల అంతస్తులు:
మౌంట్ అనేది ఒకే పనిగా కనిపించినా, దాని కింద అనేక అంతస్తులు ఉంటాయి. ప్రతి అంతస్తుకూ తనదైన ఓపిక ఉంటుంది. డిస్క్ ఆదేశానికి లినక్స్ సాధారణంగా 30 సెకన్లు వేచి ఉంటుంది. నెట్‌వర్క్ మీద నడిచే ఐస్కజీ నిల్వలో, తెగిన అనుసంధానం తిరిగి వస్తుందేమోనని ఓపెన్-ఐస్కజీ 120 సెకన్లు ఎదురుచూస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ టీసీపీ మీద నడిచేటప్పుడు ఒక అభ్యర్థనకు 60 సెకన్ల నిరీక్షణ ఉంటుంది. ‘హార్డ్’ పద్ధతిలో అది ముగియదు; సర్వర్ పలికేదాకా పునరావృతమవుతూనే ఉంటుంది.

ఇప్పుడు 60 సెకన్ల స్టార్ట్ గడువును 120 సెకన్ల ఐస్కజీ నిరీక్షణ పక్కన పెట్టి చూడాలి. సున్నా సెకను వద్ద మౌంట్ మొదలై, అదే సమయంలో నెట్‌వర్క్ మార్గం తెగిపోయిందనుకుందాం. 60వ సెకనుకు పేస్‌మేకర్ విసిగి ‘టైమ్‌అవుట్’ అని నమోదు చేస్తుంది. అసలు కారణాన్ని చెప్పగల ఐస్కజీ ఇంకా నోరు విప్పలేదు. నిర్వాహకునికి అందేది పై అంతస్తు ఫిర్యాదు మాత్రమే. కింది అంతస్తు గడువు పై అంతస్తు గడువు కన్నా తక్కువగా ఉండాలన్న సూత్రం దీనినుంచి తేలుతుంది. అప్పుడే లోపం తన అసలు పేరుతో బయటపడుతుంది. ఒకటికి మించిన మార్గాలను మల్టీపాత్‌తో కలిపినచోట ఐస్కజీ నిరీక్షణను తగ్గించమని చెప్పడంలోని ఆంతర్యం కూడా ఇదే. ఒక మార్గం త్వరగా ఓటమిని ఒప్పుకుంటేనే రెండవ మార్గానికి అవకాశం దక్కుతుంది. అన్ని మార్గాలూ పోయినప్పుడు అభ్యర్థనలను అనంతంగా వరుసలో నిలిపేలా మల్టీపాత్‌ను అమరిస్తే, లోపం ఎన్నటికీ పైకి రాదు.

4. ప్రధాన కారణాలు:
4.1 క్రమలోపం: పరికరం సిద్ధం కాకముందే మౌంట్ మొదలవడం. ఐస్కజీ అనుసంధానం, ఎల్‌వీఎం వాల్యూమ్, ఫైల్‌సిస్టమ్, డేటాబేస్, ఆపై అనువర్తనం అన్నది సరైన వరుస. రిసోర్సులు ఒకే సర్వర్‌లో ఉండాలని చెప్పినంతమాత్రాన వాటి వరుస నిర్ణయం కాదు. క్రమనియమాన్ని విడిగా చెప్పాలి.

4.2 రెండు అధికారాలు: క్లస్టర్ అధీనంలోని ఫైల్‌సిస్టమ్‌ను ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో కూడా స్వయంచాలక మౌంట్‌గా రాయడం. సర్వర్ మొదలైనప్పుడు సిస్టమ్‌డీ పరికరం కోసం సహజంగా 90 సెకన్లు వేచి చూస్తుంది. పరికరం దొరికితే క్లస్టర్‌ను అడగకుండానే మౌంట్ చేస్తుంది. ఇది జాప్యానికే కాక ద్వంద్వ మౌంట్‌కూ దారితీస్తుంది.

4.3 జర్నల్ పునరుద్ధరణ: సర్వర్ హఠాత్తుగా ఆగితే, తదుపరి మౌంట్ సమయంలో ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లు జర్నల్‌లో మిగిలిన మార్పులను పూర్తిచేస్తాయి. నిల్వ నెమ్మదిగా ఉంటే ఇది పొడుగవుతుంది. ఎఫ్‌ఎస్‌సీకే తనిఖీని బలవంతంగా అమర్చినచోట, లక్షలాది ఫైళ్లున్న భాండాగారంలో 60 సెకన్లు చాలకపోవడం సహజం.

4.4 మౌనం: ఫైర్‌వాల్ అభ్యర్థనను తిరస్కరిస్తే దోషం తక్షణం తెలుస్తుంది, ప్యాకెట్‌ను నిశ్శబ్దంగా పారవేస్తే గడువంతా నిరీక్షణలోనే కరిగిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ 4వ వెర్షన్‌కు 2049 పోర్ట్ చాలు. 3వ వెర్షన్‌కు 111 పోర్ట్‌తో పాటు మౌంట్‌డీ వాడే పోర్ట్ కూడా తెరిచి ఉండాలి.

4.5 అనుగ్రహకాలం: ఎన్‌ఎఫ్‌ఎస్ 4వ వెర్షన్ సర్వర్ తిరిగి మొదలైనప్పుడు, పాత క్లయింట్లు తమ తాళాలను తిరిగి పొందేందుకు లినక్స్‌లో సహజంగా 90 సెకన్లు కేటాయిస్తుంది. ఆలోపు కొత్తగా ఫైళ్లు తెరవడం ఆగుతుంది. రాత పరీక్షతో కూడిన 40 సెకన్ల మానిటర్ ఈ కాలంలో విఫలమైతే, ఆరోగ్యంగా ఉన్న నిల్వనే క్లస్టర్ రోగిగా భావిస్తుంది.

4.6 విడిచిపెట్టని ప్రక్రియలు: స్టాప్ సమయంలో ఫైళ్లను పట్టుకున్న ప్రక్రియలను ఏజెంట్ ముగించజూస్తుంది. నిల్వ జవాబు కోసం ‘డీ’ స్థితిలో నిలిచిన ప్రక్రియ కిల్ సంకేతానికి కూడా లొంగకపోవచ్చు. అన్‌మౌంట్ జరగదు, గడువు తీరుతుంది, ఫెన్సింగ్ తప్పదు.

5. పరిశీలనక్రమం:
మొదట, ఏ సర్వర్‌లో, ఏ క్షణాన, స్టార్ట్, మానిటర్, స్టాప్‌లలో ఏది విఫలమైందో పీసీఎస్ స్టేటస్ ద్వారా తెలుసుకోవాలి. సర్వర్ల గడియారాలు ఏకమై ఉంటేనే ఈ పోలిక సాధ్యం. రెండవది, ఆ నిమిషానికి చెందిన కెర్నెల్ నమోదులను జర్నల్‌సీటీఎల్‌తో చదవాలి. ఐస్కజీ అనుసంధానం తెగిన వార్త, 120 సెకన్లకు పైగా కదలని ప్రక్రియ గురించిన హెచ్చరిక అక్కడే దొరుకుతాయి. మూడవది, కింది అంతస్తు నుండి పైకి రావాలి: మార్గాలు సజీవంగా ఉన్నాయా, పరికరం నుండి నేరుగా చదవగలుగుతున్నామా, వాల్యూమ్ క్రియాశీలమైందా అని వరుసగా చూడాలి.

నాలుగవది చేతితో మౌంట్ చేసి సమయం కొలవడం. దీనికి ముందు ఆ రిసోర్స్‌ను క్లస్టర్ చేతినుండి తప్పించాలి. మరే సర్వర్‌లోనూ ఆ ఫైల్‌సిస్టమ్ మౌంట్ అయి లేదని స్వయంగా నిర్ధారించుకోవాలి. ఈ రెండూ చేయకుండా మౌంట్ ఆదేశం ఇవ్వరాదు. చివరగా కారణాన్ని సరిదిద్ది, క్లీనప్‌తో పాత వైఫల్యాల లెక్కను తుడిచి, సేవను ఒక సర్వర్ నుండి మరొకదానికి ఉద్దేశపూర్వకంగా మార్చి పరీక్షించాలి. కారణం తెలియకుండా క్లీనప్ చేస్తే అదే వైఫల్యం పునరావృతమవుతుంది.

6. గడువు పెంచడంలోని వివేచన:
టైమ్‌అవుట్ కనిపించగానే గడువు పెంచడం సులభమైన చికిత్స. జర్నల్ పునరుద్ధరణకు 80 సెకన్లు పడుతోందని కొలిచి తెలుసుకున్నప్పుడు స్టార్ట్ గడువును 120 సెకన్లు చేయడం సమంజసం. జవాబే రాని నిల్వకు గడువు పెంచితే ఫలితం మారదు. తెలిసే సమయం మాత్రం ఆలస్యమవుతుంది. 20 సెకన్లకొకసారి, 40 సెకన్ల గడువుతో లోతైన మానిటర్ నడిస్తే, నిల్వ స్తంభించిన సంగతి గరిష్ఠంగా 60 సెకన్లలో తెలుస్తుంది. గడువును 300 సెకన్లు చేస్తే అది 320 సెకన్లవుతుంది. సాధారణ మానిటర్ మౌంట్ పట్టికను మాత్రమే చూస్తుందని, పరికరాన్ని చదివి లేదా రాసి చూసే తనిఖీని విడిగా అమర్చాలని కూడా గుర్తించాలి.

అంతకన్నా ప్రమాదకరమైనది ఫెన్సింగ్‌ను నిలిపివేయడం. అప్పుడు సర్వర్లు ఆగవు; ద్వంద్వ మౌంట్‌కు ఉన్న అడ్డుగోడ కూడా ఉండదు. మరొక ప్రమాదం నిశ్శబ్దంగా జరుగుతుంది. మౌంట్ కాకుండానే అనువర్తనం మొదలైతే, కొత్తగా సమర్పించిన ఫైళ్లు ఖాళీ డైరెక్టరీలో, అంటే సర్వర్ సొంత డిస్క్‌లో పడతాయి. తరువాత నిల్వ మౌంట్ కాగానే అవి దాని చాటున మరుగైపోతాయి. క్రమనియమంతో పాటు, మౌంట్ స్థానంలోని ఖాళీ డైరెక్టరీని రాతకు వీలులేకుండా చేయడం దీనికి విరుగుడు.

7. ముగింపు:
- మౌంట్ టైమ్‌అవుట్ ఒక లక్షణం మాత్రమే; కారణం సాధారణంగా కింది అంతస్తులో ఉంటుంది.
- కింది అంతస్తు గడువు పై అంతస్తు గడువులో ఇమిడి ఉండాలి.
- గడువును కొలతను బట్టి పెంచాలి, ఊహను బట్టి కాదు.
- ఫెన్సింగ్, క్రమనియమం, రాతకు వీలులేని మౌంట్ స్థానం అనే మూడూ దత్తాంశానికి రక్షణ.

సేవ పది నిమిషాలు ఆగితే పాఠకుడు తిరిగి వస్తాడు. ఛిద్రమైన ఫైల్‌సిస్టమ్‌లో పోయిన ఏకైక ప్రతి తిరిగి రాదు. భాండాగారాన్ని నెలకొల్పే విశ్వవిద్యాలయ శాఖలు సాంకేతిక నిపుణులతో సంప్రదించేటప్పుడు ‘ఎంత త్వరగా లేస్తుంది?’ అన్న ప్రశ్న కన్నా ముందు ‘లేవలేనప్పుడు దత్తాంశం ఏమవుతుంది?’ అని అడగడం అవసరం.