ఫెర్మాను ఓడించిన సంఖ్య

ఒక కాగితం మీద 4,29,49,67,297 అని రాసుకోండి. 429 కోట్ల 49 లక్షల 67 వేల 297 అన్నమాట. ఇది ప్రధాన సంఖ్యా, కాదా? చివరి అంకె 7 కనుక 2తోను, 5తోను భాగింపబడదు. అంకెల మొత్తం 59 కనుక 3తోనూ భాగింపబడదు. ఆ పైన ఎలా తేల్చాలి?

ముందు ఈ సంఖ్య ఎలా పుట్టిందో చూద్దాం. 2తో మొదలుపెట్టి, వచ్చినదానికల్లా వర్గం కడుతూ పోండి: 2, 4, 16, 256, 65536. ఒక్కొక్కదానికి 1 కలపండి: 3, 5, 17, 257, 65537. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరవది మన సంఖ్య.

ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640లో తన ఉత్తరాలలో రాశాడు. నిరూపణ మాత్రం తనకు దొరకలేదన్నాడు.

ఆరవదాన్ని పరీక్షించడం మాటలు కాదు. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే, వాటిలో చిన్నది ఆ సంఖ్య వర్గమూలాన్ని మించదు. మన సంఖ్యకు వర్గమూలం 65536 కంటే రవ్వంత ఎక్కువ. అంతవరకు 6542 ప్రధాన సంఖ్యలున్నాయి. రోజుకు 50 భాగహారాలు చేసినా నాలుగు నెలలు దాటుతుంది!

1732లో ఆయిలర్ ఈ చిక్కు విప్పాడు. మన సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దానిని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలని ఆయన తరువాత వివరించాడు. అంటే 65, 129, 193, 257... వీటిలోనే వెతకాలి. సంయుక్త సంఖ్యలను తీసివేస్తే మిగిలేవి 193, 257, 449, 577, 641. మొదటి నాలుగూ పనికిరావు. ఐదవదైన 641తో భాగించి చూడండి. భాగఫలం 6700417, శేషం సున్న! ఫెర్మా ఊహ వీగిపోయింది.

దీనివల్ల మనకు తెలిసేదేమిటి? ఐదుసార్లు నిజమైనది ఆరవసారీ నిజమవుతుందన్న హామీ లేదు. ఉదాహరణలు ఎన్ని ఉన్నా నిరూపణకు సాటిరావు. ఆలోచన తోడైతే 6542 భాగహారాల పని ఐదింటితో ముగుస్తుంది.

ఫెర్మా సంఖ్యలు మాత్రం వృథా పోలేదు. 17 భుజాల క్రమ బహుభుజిని రూళ్లకర్ర, వృత్తలేఖినులతోనే గీయవచ్చునని 1796లో గౌస్ కనుగొన్నాడు. ఆ 17 ఈ వరుసలోనిదే! మొదటి ఐదు కాక ఈ వరుసలో మరో ప్రధాన సంఖ్య నేటివరకు దొరకలేదు. ఇక లేదని ఎవరూ నిరూపించనూ లేదు.

ఇప్పుడు మీకొక పని. మన సంఖ్యను 3, 5, 17, 257, 65537లతో విడివిడిగా భాగించండి. ప్రతిసారీ శేషం 2 వస్తుంది. ఎందుకో ఆలోచించండి. ఆ ఐదింటినీ ఒకదానితో ఒకటి గుణించి చూస్తే దారి దొరుకుతుంది.